గూడబాతులూ, మా అన్న కుడిచెయ్యీ

మొన్న మా ఊరి చెరువుగట్టున కుర్రకారు చింతచెట్ల కింద వలలు కడుతున్నారు. చేపలకు కాదు, గూళ్ళలోంచి జారిపడే గూడబాతు పిల్లలు నేలకు కొట్టుకోకుండా. వాళ్ళలో నా మనవరాలూ ఉంది; వెనకటి రోజుల్లో ఈ పక్షులను ఎలా కాపాడుకునేవారో చెప్పమని నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టింది. నమ్మకంతో కాపాడుకున్నామన్నాను, చప్పట్లు కొట్టారు. నా ఈడువాళ్ళు మీరు అంత తేలిగ్గా చప్పట్లు కొట్టరు కనుక మిగతాది మీకే చెబుతున్నాను.

పందొమ్మిదివందల యాభైల్లో కవిటి కొబ్బరితోటల నుంచి టెక్కలి పక్కనున్న ఈ ఊరికి కోడలిగా వచ్చాను. ఏటా చలికాలం ముందు ఎక్కడెక్కడి నుంచో వచ్చి గుడ్లు పెట్టే ఆ పక్షులు ఈ ఊరివాళ్ళకు పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. పిల్లలు ఎగిరేదాకా చెరువులో ఎవరూ వల వేయరు, చేపలన్నీ వాటివే. మగవాళ్ళు వంతులవారీగా కర్ర పట్టుకుని గట్టున కాపలా తిరుగుతారు. రోజూ సముద్రపు చేప తిని పెరిగినదాన్ని, పైగా వేవిళ్ళు, నాకు ఒళ్ళు మండిపోయేది. ఇక్కడ చేపలన్నీ మేకపిల్లలంతేసి పక్షులు మింగేస్తున్నాయి, నాకు నీసు వాసనైనా లేదని అన్నకు ఉత్తరం రాశాను. ఆ పక్షులు ఈ ఊరికి ఏమవుతాయో మాత్రం రాయలేదు. ఉక్రోషంలో రాయబుద్ధి కాలేదు.

వారం తిరక్కుండా అన్న వచ్చాడు, చేతిలో బారువ ఎండుచేపల బుట్ట, భుజాన తోటలోకొచ్చే ఎలుగుబంట్లను బెదరగొట్టే నాటుతుపాకీ. కడుపుతో ఉన్న చెల్లెలికి ఎండుచేపలేనా, పక్షిమాంసం కూడా పెడదామనుకున్నాడో ఏమో, ఇంటికి రాకముందే గట్టున పేల్చాడు. నేను పరుగెత్తి వెళ్ళేసరికి తల్లిపక్షి రెక్క తెగి నెత్తుటిలో కొట్టుకుంటోంది, గూటిలోంచి పడ్డ రెండు పిల్లలకూ మెడలు విరిగిపోయాయి. ఊరు ఊరంతా అన్న మీద పడింది. ఆ రోజు కాపలా వంతు మా ఆయనది.

"బావా, నాను బావా!" అని అన్న కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతి మీదే మా ఆయన కర్ర దిగింది. ఎముక తోలు చీల్చుకుని బయటికి రావడం నా కళ్ళతో చూశాను. అయినా దెబ్బలు ఆగలేదు, చెల్లాచెదురైన ఎండుచేపల మీద నెత్తురు చిందింది. మా అత్త అడ్డంపడకపోతే చంపేసేవారే.

"పురిటికొచ్చిన ఆడకూతుర్ని సంపీసినావు కదరా! తుపాకీ ఎట్టుకు రమ్మని నీకు ఎవలు సెప్పినార్రా?" అని ఆవిడే గుండెలు బాదుకుంటూ అడిగింది.

అన్న ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ ఊరు నన్నూ కొట్టి తరిమేస్తుందన్న భయంతో నా నోరు పెగల్లేదు.

"ఎవలూ సెప్పనేదు. నాకే బుద్ధి నేకపోయింది" అన్నాడు.

కట్టు కట్టించినా ఆ చెయ్యి చక్కబడలేదు. తెల్లారేసరికి ఇరవై చెట్లెక్కి కొబ్బరికాయలు దింపే మనిషి మళ్ళీ చెట్టెక్కలేదు. నా పురిటికి ఎడమచేత్తో పగ్గాలు పట్టి బండి తోలుకొచ్చి, తనే పుట్టింటికి తీసుకెళ్ళాడు. దారి పొడుగునా ఉత్తరం మాట ఎత్తలేదు.

ఇప్పుడెవరూ ఎవరి చేతులూ విరగ్గొట్టరు, తప్పు చేస్తే కేసు పెడతారు. మంచిదే. పిల్లలు గట్టున బోర్డు కూడా పెట్టారు: ఇవి మా ఆడపిల్లలు, జాగ్రత్త అని. నేను రాయని వాక్యం అదే. అన్నా పోయాడు, మా ఆయనా పోయాడు. చప్పట్ల మధ్య కూర్చుని మొన్న కూడా దాచేశాను గానీ, అన్నను తుపాకీతో రప్పించింది నేనే.