మార్తమ్మ చెప్పిన రెండో మాట

కొల్లేటి లంకల్లో మార్తమ్మ పేరు తెలియనివాళ్ళకి కూడా ఇప్పుడు ఆవిడ మొహం తెలుసు. ఎండ చిటచిటలాడుతుంటే ఒంటినిండా రెయిన్‌కోటు తొడుక్కుని, చుక్క నీరు లేని వాకిట్లో పడవెక్కి, తెడ్డు పట్టుకు కూర్చున్న ముసలావిడ. కింద ఎర్ర అక్షరాలతో ‘ప్రళయం మార్తమ్మ’ అని ఉంటుంది. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఎన్ని ఫోన్లలో తిరిగిందో ఆ బొమ్మ! ఆ రెయిన్‌కోటు ఆవిడది కాదు. పడవని గట్టు మీద నుంచి వాకిట్లోకి లాగించిందీ ఆవిడ కాదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఊళ్ళో ఒకత్తే ఉంది, ఆ ఒక్కత్తీ నోరు విప్పలేదు.

మార్తమ్మది నత్తలంక. చుట్టూ చేపల చెరువులు, మధ్యలో అరవై గడపలు, ఒక చర్చి, ఒక బడి. బుడమేరు పొంగిందంటే మూడోనాటికి ఆ నీళ్ళు కొల్లేట్లోకి దిగుతాయి. ఉప్పుటేరు వాటిని సముద్రంలోకి లాక్కుపోయేదాకా ఊరు నానాల్సిందే. మార్తమ్మకి ఇరవై ఆరేళ్ళప్పుడు అలాగే వచ్చాయి. ఆవిడా, భర్త నెహెమ్యా, రెండేళ్ళ కూతురు దీవెనా బడి కప్పు మీద ఐదు రోజులున్నారు. బియ్యం లేక కాదు, పక్కనే మూటెడు ఉన్నాయి. అగ్గిపెట్టె తడిసిపోయింది. కప్పు మీద ఉన్న ఏ ఇంటివాళ్ళ దగ్గరా పొడి పుల్ల లేదు. పిల్ల ఆకలికి ఏడుస్తుంటే బురదనీళ్ళలో నానిన బియ్యాన్నే నమిలి నోట్లో పెట్టింది. నాలుగో రోజుకి విరేచనాలు పట్టుకున్నాయి. పడవ వచ్చేసరికి పిల్ల లేదు.

ఊరంతా వరదని తిట్టుకుంది, గవర్నమెంటుని తిట్టుకుంది. మార్తమ్మ అగ్గిపెట్టెని తలుచుకుని తలుచుకుని ఏడ్చింది. అప్పట్నుంచి ఖాళీ హార్లిక్స్ సీసా కనబడితే వదిలేది కాదు. కడిగి, ఎండబెట్టి, అగ్గిపెట్టెలు పేర్చి, మూత చుట్టూ కొవ్వొత్తి కరిగించి పోసేది. బడిలో మధ్యాహ్న భోజనం వండే పని దొరికాక ఎంతమందికి ఎన్ని బియ్యం పడతాయో చేతి కొలత వచ్చేసింది. నెహెమ్యా పోయాక వచ్చిన ఇన్సూరెన్సు డబ్బుతో డాబా మీద ఒక గది వేయించింది. బంగారం కొనుక్కోక గది ఎందుకే అని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. గది పూర్తవగానే తాడేపల్లిగూడెం వెళ్ళి పది నీలం డ్రమ్ములు ఆటోలో వేయించుకొచ్చింది.

డ్రమ్ములు నిండింది మాత్రం ఆవిడ ఒక్కత్తె బియ్యంతో కాదు. ఆ ఊరి ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న గుడ్డసంచిలో వేస్తారు. వాళ్ళ అమ్మమ్మల నాటి నుంచీ ఉన్న అలవాటే. ఆదివారం ఆ సంచి చర్చికి తెచ్చి దేవుడి సన్నిధిలో పోస్తారు. పాస్టరు యోసేపుగారు ఆ బియ్యంలో సగం బీదవాళ్ళకి ఉంచి, మిగతా సగం మార్తమ్మ గదికి పంపే ఏర్పాటు చేశారు. డ్రమ్ముల్లో ఎండుమిరపకాయలు, వేపాకు వేసి, మూతలు బిగించి, గదికి తాళం వేసి, తాళంచెవి మెడలో తాడుకి కట్టుకుంది మార్తమ్మ. ఏటా కోత పండుగకి పాత బియ్యం తీసి ఊరందరికీ వండేవాళ్ళు. ఆ మర్నాటి నుంచి మళ్ళీ పిడికిళ్ళు మొదలు. ఆరేళ్ళ క్రితం నీళ్ళొస్తే ఎనిమిది రోజులపాటు నత్తలంక మొత్తం ఆ గది తిండే తింది. పక్కింటి పుష్పమ్మ అయితే కోడల్ని, పసిబిడ్డని తీసుకొచ్చి ఆ ఎనిమిది రోజులూ మార్తమ్మ డాబా మీదే కాపురం పెట్టింది.

ఇంత మంచి పని నలుగురికీ తెలియాలని యోసేపుగారికి ముచ్చటేసింది. గది ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. అది ఎక్కడెక్కడ తిరిగిందో, డిసెంబర్లో ఒక టీవీ బృందం కారు వేసుకుని దిగింది. ‘రేపే ఆఖరు’ అనే రియాలిటీ షో అట. ముందుగానే కష్టకాలానికి సిద్ధపడే మనుషుల గురించి అట. యాంకరు పేరు నిహారిక. చక్కటి పిల్ల. చెప్పులు గుమ్మం బయటే వదిలి వచ్చి, “అమ్మమ్మా, మీ లాంటి వాళ్ళ గురించి రాష్ట్రమంతా తెలుసుకోవాలండీ” అంది. అమ్మమ్మా అన్న పిలుపుకి మార్తమ్మ ఐసైపోయింది. పిలవడానికి ఆవిడకి ఎవరున్నారు గనక!

మూడు రోజులు తీశారు. మూడు రోజులూ మార్తమ్మే వండిపెట్టింది. కొర్రమీను పులుసు వేసుకుని నిహారిక రెండోసారి అన్నం కలుపుకుంటుంటే ఈవిడ కడుపు నిండిపోయింది. రెండో రోజు డ్రమ్ముల మధ్య కూర్చుని దీవెన సంగతి చెప్పింది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఎవరికీ అంత వివరంగా చెప్పలేదు. నిహారిక కళ్ళు తుడుచుకుంది. కెమెరా పట్టుకున్నతను కూడా ముక్కు చీదుకున్నాడు. అందుకే మూడో రోజు, “ఒక్క షాట్ అమ్మమ్మా, సరదాకి” అని రెయిన్‌కోటు తొడిగి పడవెక్కమంటే మార్తమ్మ కాదనలేకపోయింది. ఇంటికొచ్చిన పిల్ల అడిగితే ఎలా కాదంటుంది? బైబిల్లో నోవహు ఓడ కథ గట్టిగా చదవమన్నారు, చదివింది. పుష్పమ్మ పిట్టగోడ దగ్గర నిలబడి పగలబడి నవ్వుతుంటే కెమెరా అటు తిప్పారు. “మా వదినకి వానంటే పిచ్చండీ, మబ్బు పడితే చాలు మూతలు చూసుకుంటది” అంది పుష్పమ్మ.

ఆఖరున మేడగదిలో తలుపు దగ్గర నిలబెట్టి అడిగింది నిహారిక. పుష్పమ్మ అప్పటికి పైకొచ్చి పక్కనే నిలబడి ఉంది.

“ఇంత బియ్యం ఉంది కదండీ. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఆకలేస్తోందంటే ఇస్తారా?”

“ఇవ్వను. ఎవరడిగినా ఇవ్వను,” అంది మార్తమ్మ. అని, నవ్వి, “నీళ్ళొచ్చిన రోజున ఎవరూ అడక్కుండానే ఇస్తాను. అప్పటిదాకా ఇది నాది కాదు, ఊరిది. మామూలు ఆకలికి నా వంటింట్లో అన్నం ఉంటది, అది ఎవరికైనా పెడతాను,” అంది.

“సూపర్ అమ్మమ్మా!” అని కావలించుకుంది నిహారిక.

జనవరి నెలాఖరులో ఆదివారం సాయంత్రం షో వేశారు. యోసేపుగారు చర్చి ముందు పెద్ద టీవీ పెట్టించారు. ఊరంతా చాపలు పరుచుకు కూర్చుంది. ముందు ఎక్కడో నగరంలో నేలకింద ఇనపగది కట్టుకున్నాయన. మొహానికి గొట్టాల ముసుగు తగిలించుకుని తిరుగుతున్నాడు. ఆ తర్వాత ఉరుము శబ్దం, మెరుపు, మార్తమ్మ. ఎండలో రెయిన్‌కోటు. పొడినేల మీద పడవ. నోవహు కథ చదువుతుంటే దెయ్యాల సినిమాల్లో వాయించే వాయిద్యం. పుష్పమ్మ నవ్వు, “మా వదినకి వానంటే పిచ్చండీ” వరకే. వెంటనే “పక్కింటివాళ్ళు ఏమంటున్నారో విన్నారుగా” అని నిహారిక గొంతు. అదే గొంతు, అమ్మమ్మా అన్న గొంతు. ఆ పైన మేడగది తలుపు. ఆకలేస్తోందంటే ఇస్తారా? “ఇవ్వను. ఎవరడిగినా ఇవ్వను.” తాళం పడిన చప్పుడు. అంతే, ప్రకటనలు వచ్చేశాయి.

దీవెన ఊసే లేదు. చర్చి ఊసు లేదు, పిడికిళ్ళ ఊసు లేదు. మార్తమ్మకి తల కొట్టేసినట్టయింది. చుట్టూ చూసింది. కొందరు నవ్వాపుకుంటున్నారు. కొందరు నవ్వడం లేదు, అది చూస్తే ఇంకా భయమేసింది. “మన బియ్యం మనకివ్వదా ఏంటి?” అని వెనకనుంచి ఎవరో అన్నారు.

మర్నాటి నుంచి గణపవరంలో ఉన్న చుట్టాలు ఫోన్లు చేసి మీ ఊరి ప్రళయం ఎలా ఉందని అడగడం, కుర్రాళ్ళు ఆ వీడియో ముక్కకి పాటలు కట్టడం. ఆ నవ్వులాటలు మార్తమ్మ పట్టించుకోలేదు. ‘ఇవ్వను’ అన్న మాటే ముల్లులా దిగింది. నిహారికకి పదకొండుసార్లు ఫోన్ చేసింది. ఒక్కసారి ఎత్తి, “ఎడిటింగ్ నా చేతుల్లో ఉండదమ్మా” అంది. అమ్మమ్మ కాస్తా అమ్మ అయిపోయింది. ఆ తర్వాత ఎత్తలేదు.

సరే, వాళ్ళు పరాయివాళ్ళు. పొట్టకూటికి ఏదో చేసుకున్నారు. మార్తమ్మ ఆ మాట తనకి తానే చెప్పుకుని, తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక లేచి నిలబడింది. “నేనన్నది అంతవరకే కాదండీ, ఆ తర్వాత ఇంకో మాట అన్నాను. వాళ్ళు కోసేశారు. అప్పుడు పుష్పమ్మ నా పక్కనే ఉంది, అడగండి,” అంది. అందరూ పుష్పమ్మ వైపు చూశారు. అప్పటికి పుష్పమ్మ హోదా వేరు. గణపవరం సంతకి వెళితే కూరలమ్మేవాళ్ళు గుర్తుపట్టి, “టీవీలో నవ్వింది మీరే కదండీ” అంటున్నారు. షో అబద్ధమంటే ఆ నవ్వు కూడా అబద్ధమైపోతుంది కదా. పైట సర్దుకుని నీళ్ళు నమిలింది.

“నాకు సరిగ్గా గుర్తు లేదు వదినా. ఏదో అన్నావు...”

మార్తమ్మ కూర్చుంది. ఆ రోజు ఆవిడకి తగిలిన దెబ్బ టీవీ కొట్టింది కాదు. ఎనిమిది రోజులు తన కంచంలో తిన్న మనిషి కొట్టింది.

ఫిబ్రవరిలో కోత పండుగకి ఎప్పటిలా పది డ్రమ్ములూ దించారు. కొందరు వండారు, ఎక్కువమంది పంచుకుని ఇంటికి పట్టుకుపోయారు. మళ్ళీ తాళం పడకముందే పోవాలన్నట్టు పోయారు. ఆ తర్వాతి ఆదివారం నుంచి చర్చికి సంచులు వచ్చాయి గానీ, “అయ్యగారూ, మా బియ్యం మీరే ఉంచండి, మేడ మీదికి వద్దండీ” అన్నారు. యోసేపుగారు మెత్తటి మనిషి. నచ్చజెప్పబోయారు, గట్టిగా ఆరుగురు అనేసరికి ఊరుకున్నారు. మార్తమ్మ మాత్రం రోజుకి రెండు పూటలా తన పిడికెడు తీయడం మానలేదు. ఎవరి మీదో కోపంతో, దీవెన పోయిననాడు దానికిచ్చిన మాట తప్పలేను అనుకునేది.

సెప్టెంబరు మొదట్లో నీళ్ళొచ్చాయి. ఈసారి మూడో రోజుదాకా ఆగలేదు. ఎగువన చెరువుగట్లు తెగి, తెల్లారి పాలు పితికే వేళకి వచ్చిన నీళ్ళు పొద్దెక్కేసరికి నడుం లోతయ్యాయి. గ్యాస్ బండలు తేలిపోయాయి. చర్చిలో ఉన్న బస్తాలు బస్తాలుగానే నానిపోయాయి. జనం ఎక్కడికి వస్తారు? మార్తమ్మ డాబా మీదికే వచ్చారు. మధ్యాహ్నానికి పిల్లలు ఏడుపులంకించుకున్నారు. మార్తమ్మ మెడలోంచి తాళంచెవి తీసి గది తెరిచింది. సీసాల్లో అగ్గిపెట్టెలు పొడిగా ఉన్నాయి. సర్వికట్టెలు, ఉప్పు, చింతపండు, గుండిగలు ఉన్నాయి. తొమ్మిది డ్రమ్ములు ఖాళీ. పదోదాని అడుగున ఒక జానెడు బియ్యం. ఒకప్పుడు బియ్యం ఉండి నిప్పు లేదు, ఇప్పుడు నిప్పుండి బియ్యం లేవు.

గుమ్మంలోంచి జనం తొంగిచూశారు. వాళ్ళలో ఒక మగమనిషి అన్నాడు. ఆయన పేరెందుకులెండి, ఇప్పుడు ఆయనకే సిగ్గు.

“మిగతాది ఎక్కడ దాచావమ్మా? టీవీలో నిండుగా చూశాం కదా.”

మార్తమ్మ ఆ మనిషి మొహంలోకి చూసింది. ఫిబ్రవరిలో రెండు గోనెసంచులతో వచ్చి మరీ పట్టుకెళ్ళిన మనిషి. పొయ్యి రాజేసి, ఏడు నెలల తన పిడికిళ్ళు గుండిగలో పోసి, నీళ్ళు ఎక్కువ పెట్టి గంజి కాచింది. చేతి కొలతలో చూసుకుంది. పొదుపుగా పోస్తే రెండు పూటలు. ఆ తర్వాత పడవ రావాలి, అంతే.

గిన్నెలతో వరస కట్టారు. ముందు పిల్లలకి పోసింది. గోనెసంచుల మనిషికీ పోసింది. వరస చివర్లో పుష్పమ్మ వచ్చింది, చంకలో మనవరాలు. గిన్నె ముందుకు చాపి, ఒక్కసారిగా భోరుమని, అందరికీ వినబడేలా అంది.

“అయ్యో వదినా! ఆ రోజు నువ్వు మొత్తం చెప్పావు. నీళ్ళొచ్చిన రోజున అడక్కుండానే ఇస్తానన్నావు. ఊరిది అన్నావు. నా చెవులారా విన్నానండీ, దేవుడి తోడు!”

మార్తమ్మ గరిటె నిండా తీసి పసిదాని గిన్నెలో ముందు పోసింది, తర్వాత పుష్పమ్మ గిన్నెలో.

“జనవరిలో చెప్పుంటే ఇవాళ డ్రమ్ములు నిండుండేవి పుష్పా,” అంది.

“తప్పయిపోయింది వదినా. వచ్చే ఆదివారం నుంచి నేనే ఇంటింటికీ తిరిగి పోగుచేసి తెస్తాను. క్షమించు.”

మార్తమ్మ క్షమించానని అనలేదు. అనాలని చూసింది, రాలేదు. అరవై నాలుగేళ్ళు చర్చిలో విన్న మాటలన్నీ గుర్తొచ్చాయి గానీ ఆ ఒక్క మాట లోపల్నుంచి రాలేదు. బొడ్లో దోపుకున్న తాళంచెవిని తీసి, తాడుతో సహా పుష్పమ్మ మెడలో వేసింది.

“పోగుచేసి నువ్వే ఉంచు. గది వాడుకో, డ్రమ్ములు వాడుకో. సీసాల మూతలకి ఏటా కొవ్వొత్తి మార్చాలి, మర్చిపోకు,” అంది. “మళ్ళీ టీవీవాళ్ళొస్తే నువ్వే మాట్లాడు. నీ పక్కన నిలబడమని మాత్రం నన్ను పిలవద్దు.”

పుష్పమ్మ ఏదో అనబోయింది. మార్తమ్మ అప్పటికే గుండిగ వైపు తిరిగి, రెండో పూటకి ఎంత మిగిలిందో చూసుకుంటోంది.