బీకాం అని చెప్పుకున్న చదువు

మొన్న మహబూబాబాద్‌లో నేను పనిచేసే చోటికి భూపాలపల్లి నుంచి ఒక తండ్రి, ఇంటర్ పాసైన కూతురు వచ్చారు. వైద్యం కోసం కాదు. ఆ అమ్మాయికి డిగ్రీలో సైకాలజీ తీసుకుని, ముందుముందు నాలాగే క్లినికల్ సైకాలజిస్టు కావాలని ఉందట. ఏమేం చదవాలో కనుక్కుందామని వచ్చారు. అది అడగడానికి ఇంత దూరం ఎందుకొచ్చారంటే, తండ్రి ముఖానికున్న మాస్కు తీయకుండానే, "మా దగ్గర అడిగితే ఇంట్ల ఎవరికన్న బాగలేదా అంటరు మేడం" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే చెవులు వేడెక్కాయి. ఆయన కళ్లలోని ఆ బెదురు నాకు కొత్తది కాదు. నేను దాంతోనే పెరిగాను.

మాది తొర్రూరు. బజారులో బాపుకు బట్టల దుకాణం, దాని వెనకే ఇల్లు. ఆ ఇంటి చివరి గదిలో మా మేనత్త ఉండేది. మరిపెడ వైపు ఇచ్చారామెను. కాన్పులో బిడ్డ పోయాక నిద్రపోవడం మానేసింది, తనలో తను మాట్లాడుకునేది. ఒక మధ్యాహ్నం అత్తింటివాళ్లు ఆటోలో తెచ్చి, నడిబజారులో దింపి, "మీ పిచ్చిదాన్ని మీరే ఉంచుకోండ్రి" అని అరిచి వెళ్లిపోయారు. అప్పుడు నేను మూడో తరగతి. బాపు అత్తను లోపలికి తీసుకొచ్చి, ఆ పూట దుకాణం మూసేశాడు. మళ్లీ తెరిచినప్పటి నుంచి ఎవరు అడిగినా "చెల్లెకు జర నీరసం" అనేవాడు. అత్తకు మొక్కులు మొక్కాం, తాయెత్తులు కట్టించాం, డోర్నకల్ చర్చికి తీసుకుపోయి ప్రార్థన చేయించాం. దవాఖానకు మాత్రం పోలేదు. అక్కడ తెలిసినవాళ్లు కనబడతారు కదా! అన్నం పళ్లెం అందించే పని నాది. బాగున్న రోజుల్లో అత్త నాకు జడ వేసేది. బాగాలేని రోజుల్లో నన్ను గుర్తుపట్టేది కాదు. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతోందో తెలుసుకోవాలని ఉండేది. ఇంటర్ అయ్యాక, ఆన్‌లైన్ సెంటర్లో డిగ్రీకి అప్లై చేసేటప్పుడు సైకాలజీ ఉన్న కోర్సు పెట్టించాను. డిగ్రీ, పీజీ, ఆపైన దవాఖానలో ఉండి నేర్చుకునే ఇంకో చదువు అయితేగాని రోగుల్ని చూడనివ్వరని ముందే కనుక్కున్నాను.

బాపు కాదనలేదు. చాలాసేపు గజం బద్దతో కౌంటర్ మీద కొడుతూ కూర్చుని, "సదువు బిడ్డా. గని బజార్ల బీకాం అని చెప్దాం" అన్నాడు. అట్లా నేను హనుమకొండలో సైకాలజీ, తొర్రూరులో బీకాం చదివాను. మా ఎదురు కిరాణా దుకాణం ఆయన్ని నేను పెదనాయిన అని పిలిచేదాన్ని. సెలవులకు వస్తే చాలు, "బిడ్డా, గీ జీఎస్టీ ఏందో జర సమజ్ చెయ్యరాదు" అని పట్టుకునేవాడు. "ఆ పాఠం ఇంకా కాలేదు పెదనాయినా" అని తప్పించుకునేదాన్ని. సెమిస్టర్లు గడిచిపోతున్నా ఆ పాఠం రాలేదు. దాంతో ఆయన కిరాణం ముందు నుంచి పోవడమే మానేసి, సందులోంచి తిరిగి వచ్చేదాన్ని. మానసిక రోగం సిగ్గుపడాల్సింది కాదని పరీక్షల్లో రాసి మంచి మార్కులు తెచ్చుకుంటున్న రోజులవి.

రెండో ఏడు సెలవుల్లో అత్త అన్నం ముట్టడం మానేసింది. ఇంక లాభం లేదని నేను ఏడ్చేసరికి బాపు దిగొచ్చాడు. "వరంగల్ వద్దు. మన బజారోళ్లందరు గాడికే పోతరు. జనగామ పోదాం, మనల్ని ఎరిగినోళ్లు ఉండరు" అన్నాడు. జనగామలో వారానికొకసారి వచ్చే మానసిక వైద్యుడు ఒకాయన ఉండేవాడు. బస్సెక్కింది మొదలు బాపు తువ్వాలు ముఖానికి చుట్టుకునే ఉన్నాడు. నేనూ చున్నీ కప్పుకున్నాను. ముఖం దాచుకోనిది అత్త ఒక్కతే. కిటికీలోంచి పాలకుర్తి దాకా వరిచేలు చూస్తూ కూర్చుంది.

ఆ దవాఖాన వసారాలో బెంచీలన్నీ నిండాయి. మూలన ఒక మనిషి తువ్వాలు చుట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. బాపు ఆయన్ని చూసి ఠక్కున ఇటు తిరిగాడు. నేనూ గుర్తుపట్టాను. తొర్రూరు నుంచి పెదనాయిన కూడా, ఎరిగినవాళ్లుండరనే జనగామ వచ్చాడు! ముగ్గురం ఒకరినొకరం చూడనట్టు నేలచూపులు చూస్తున్నాం. అప్పుడు అత్త, వసారా అంతా వినబడేట్టు, "కిరాణం అన్నా! నువ్వు గూడ వచ్చినవా? గిటు రా, జాగ ఉన్నది" అని పిలిచింది.

అందరూ తిరిగి చూశారు. నేను చున్నీ ఇంకా కిందికి లాక్కున్నాను. పెదనాయిన మెల్లగా లేచి, తువ్వాలు తీసి, వచ్చి అత్త పక్కన కూర్చున్నాడు.

"నీకేమయిందే అన్నా?"

"నిద్ర పడ్తలేదు చెల్లె. ఒకటే గుండె దడ. ఇంట్ల గూడ చెప్పలె."

"నాకు గట్లనే ఉంటది. మస్తు భయమైతది" అంది అత్త.

అప్పుడు ఆయన నావైపు తిరిగాడు. "బీకాం పిల్లవు, నువ్వేంది బిడ్డా గిక్కడ?" నేను నోరు తెరిచేలోపే బాపు తన తువ్వాలు తీశాడు. "బీకాం కాదన్నా. సైకాలజీ సదువుతున్నది. నేనే అబద్ధం చెప్పిన." పెదనాయిన నన్ను ఎగాదిగా చూసి, "గందుకేనా, నా జీఎస్టీ తెగకపాయె!" అన్నాడు. అందరికంటే ముందు నవ్వింది అత్త. ఆమె నవ్వు వినక ఎన్నేళ్లయిందో, బాపు తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

లోపల డాక్టరుగారు అత్తతో చాలాసేపు మాట్లాడి, "ఎప్పటినుంచి ఇట్లా ఉంది?" అని అడిగారు. "మా బిడ్డ మూడో తరగతిల ఉన్నప్పటి సంది సార్" అన్నాడు బాపు. ఆయన నావైపు, నా పొడుగువైపు చూశారు. ఎందుకు తీసుకురాలేదని అడగలేదు. అడిగి తిట్టి ఉంటే మాకు కొంత తేలిగ్గా ఉండేది.

మందులు పడ్డ కొన్ని నెలలకు అత్త చివరి గదిలోంచి దుకాణంలోకి వచ్చి, చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఇప్పటికీ మందులు వాడుతూనే ఉంది, బాగానే ఉంది. నేను చదువంతా ముగించి ఉద్యోగంలో చేరిన రోజు మా బజారులో మిఠాయి పంచింది ఆమే. "మా కోడలు మనసు డాక్టరు" అని ఇంటింటికీ చెబుతుంటే ఆమె జుట్టువైపు చూడలేకపోయాను. సిగ్గు మా ఇంట్లోకి ఒక్క మధ్యాహ్నంలో వచ్చేసింది. అది బయటికి పోయేసరికి అత్త జుట్టు సగం నెరిసింది.