ముడత లేని పక్క

వీధిలోవాళ్లు ఆమెకు ముడతలమ్మ అని పేరు పెట్టారంటే ఊరికే కాదు. పరిచిన దుప్పటి మీద చిన్న ముడత కనిపించినా ఆమెకు ప్రాణం ఒప్పదు. ఎవరైనా కూర్చుంటే లేపి మరీ సర్దుతుంది. మొగుడు ఆసుపత్రి నుంచి వచ్చే రోజు పొద్దుటినుంచీ పక్కను అరచేత్తో రుద్దుతూనే ఉంది. గుండెల్లో దడ చేతుల్లోకి దిగింది మరి! చివరికి ఆయన వచ్చాడు. పొట్ట మీది కుట్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకానుకుని నిలబడ్డాడు.

"పడుకోరేం?"

"ముడత పడుతుందేమోనే... నాకు కుర్చీ చాల్లే."

అంటూనే గోడ పట్టుకుని కుర్చీ వైపు జరగబోయాడు.  ఆమె కడగని కాళ్లతోనే మంచమెక్కి, దుప్పటంతా రెండు చేతులా నలిపేసింది.

"ఇదిగో, దీని సోకు తీరింది. ఇంక పడుకోండి మహానుభావా!"