ట్యాంకమ్మ ఛార్జి పుస్తకం

మా అత్తగారు ఇరవై తొమ్మిదేళ్ళు నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరుగా పనిచేశారు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవరికీ ఆవిడ అసలు పేరు తెలియదు. ట్యాంకమ్మ అంటారంతే. రిటైరై ఏడేళ్ళయినా, కుళాయి సన్నగా వస్తే చాలు, మా గేటు దగ్గరికొచ్చి "ట్యాంకమ్మగారూ, ఇవాళ ప్రెషర్ లేదేంటండీ?" అని ఈవిడే ఆపేసినట్టు నిలదీస్తారు. ఈవిడేమైనా తక్కువ తిన్నారా? "మీ మీటరు పక్కన వాల్వు సగమే తిరిగుంటుంది, చూసుకోండి" అని కుర్చీలోంచి లేవకుండా చెప్పేస్తారు. నూటికి తొంభైసార్లు అదే అవుతుంది.

అలాంటి మనిషి చేతిలో పడ్డ వాషింగ్ మెషీన్ అదృష్టం ఏమని చెప్పను! రిటైరైన నెలలోనే, పైన మూత తీసి బట్టలు వేసే రకం ఒకటి కొని, వంటింటి వెనక చిన్న గదిలో స్టాండు మీద నిలబెట్టారు. మూత మీద పళ్ళెం పెట్టి అందులో నీళ్ళు పోసి, అవి ఏ పక్కకి ఒరిగితే ఆ పక్క కాలి మర తిప్పి సమం చేస్తారు. వారానికోసారి లోపల నూగు పట్టే జాలీ సంచి తిరగేసి కడుగుతారు. నెలకోసారి కుళాయి కట్టేసి, మెషీన్‌కి నీళ్ళు తెచ్చే పైపు విప్పి, లోపలి బొటనవేలంత జల్లెడని పాత టూత్‌బ్రష్‌తో తోముతారు. రెండు నెలలకోసారి బట్టల్లేకుండా వేడినీళ్ళూ, గార వదిలే పొడీ వేసి ఖాళీగా తిప్పుతారు. ఉతకడం అయ్యాక నేను మూత వేశానంటే ఇక నా పని అయిపోయినట్టే. "తడి తొట్టికి మూత పెట్టడం, తడి జుట్టు ముడేసుకోవడం ఒకటే అమ్మాయ్. రెండూ కంపు కొడతాయి" అంటారు.

వీటన్నిటికీ ఒక పుస్తకం ఉంది. గోడకి మేకు, మేకుకి దారం, దారానికి పొడుగాటి నోటుబుక్కు, దానికో పెన్ను. పంపుహౌసులో ట్యాంకు మట్టం గంటగంటకీ రాసిన చెయ్యి కదా, ఊరుకోదు. తేదీ, వేసిన బట్టలు, వచ్చిన శబ్దం, డ్రమ్ములో మట్టం, అన్నిటికీ గళ్ళు గీసి ఉంటాయి. "అత్తయ్యా, మా పెళ్ళిరోజు మీకు గుర్తుండదు గానీ దుప్పట్లు ఉతికిన రోజు మాత్రం గుర్తుంటుంది" అని ఒకసారి దెప్పాను. "గుర్తెందుకూ? రాసుంది కదా" అన్నారు చాలా మామూలుగా.

ఆ డ్రమ్ము సంగతి చెప్పాలి. బట్టలు ఆఖరిసారి జాడించిన నీళ్ళు కాలువలో పోతుంటే ఆవిడ ప్రాణం కొట్టుకుంటుంది. ఆ నీళ్ళు పట్టి ఇల్లు తుడవడానికి వాడాలి. ఇదివరకు ఒక పొట్టి తొట్టి ఉండేది, అది పగిలింది. దాని స్థానంలో నడుమెత్తు నీలం డ్రమ్ము తెచ్చారు. అడుగున వెనకవైపు కన్నం చేసి, రబ్బరు రింగు బిగించి, మెషీన్ వేస్ట్ పైపుకి రెండు దారుల వాల్వు తగిలించారు. ఒక పక్కకి తిప్పితే సబ్బు నీళ్ళు కాలువలోకి, ఇంకో పక్కకి తిప్పితే జాడించిన నీళ్ళు ఆ కన్నంలోంచి డ్రమ్ములోకి. పైపు కంటికే కనపడదు. ఆ రోజు ఆవిడ వచ్చినవాళ్ళందరికీ ఆ గది చూపించారు. కొత్త కోడల్ని కూడా అంత మురిపెంగా చూపించలేదు, నాకు తెలుసు.

సరిగ్గా ఆ తర్వాతే మెషీన్‌కి జబ్బు చేసింది. ఉతుకుతుంది, సబ్బు నీళ్ళు వదులుతుంది, మళ్ళీ నీళ్ళు తీసుకుని జాడిస్తుంది. చివరికి పిండాల్సిన చోట ఆగిపోయి కుయ్యి కుయ్యిమంటుంది. మూత తీస్తే బట్టలు నీళ్ళలో తేలుతుంటాయి. పోనీ రోజూ ఆగుతుందా అంటే అదీ లేదు. ఒకరోజు చక్కగా నడుస్తుంది, రెండు రోజులు మొరాయిస్తుంది.

మా ఆయన కళ్ళద్దాల షాపులో పనిచేస్తారు. ఊళ్ళోవాళ్ళ చూపంతా సరిచేస్తారు గానీ ఇంట్లో ఏం జరుగుతోందో ఆయనకి ఆనదు. రెండు నెలల క్రితం అత్తయ్య పాలు పెట్టి పొయ్యి ఆపడం మర్చిపోయారు. ఒక్కసారే. గిన్నె మాడింది, ఇల్లంతా పొగ. ఆ రోజు ఆయన పడ్డ భయం ఇంకా దిగలేదు. మరునాటి నుంచి "అమ్మా, పొయ్యి దగ్గరికి వెళ్ళకు" అన్నారు. తర్వాత ఇంటి తాళాలు తీసుకున్నారు. ప్రేమే, కాదనను. కానీ ఒక్కొక్కటీ చేతిలోంచి తీసేసుకుంటూ ఉంటే ఆ చేతులకి ఇక పనేం మిగులుతుంది? మిగిలింది మెషీన్ ఒక్కటే.

ఇప్పుడు దానికీ ఎసరొచ్చింది. "అమ్మా, నువ్వే ఏదో తప్పు బటన్ నొక్కేస్తున్నావు. ఒకరోజు నడిచి ఒకరోజు ఆగడమేంటి?" అన్నారు. మెకానిక్‌ని పిలిపించారు. అతను అయిదు నిమిషాలు వెనక రేకు విప్పి చూసి, నీళ్ళు వదిలే మోటారూ బోర్డూ రెండూ పోయాయని, ఇంత పాతదానికి బాగుచేయించడం దండగని తేల్చేశాడు. మా ఆయన ఆ సాయంత్రమే మెషీన్లు అమ్మే షాపులో మాట్లాడి వచ్చారు. ఆదివారం పొద్దున్న పాతది తీసుకెళ్ళి, సాయంత్రానికి కొత్తది తెచ్చిస్తారట.

"కొత్తదాన్ని నువ్వు ముట్టుకోకమ్మా. ఉతకడం మేం చూసుకుంటాం."

అత్తయ్య గోడ దగ్గరికి వెళ్ళారు. పుస్తకం తీసి, కొత్త గీత గీసి, "ఛార్జి అప్పగించాను" అని రాసి, తేదీ, టైము వేసి సంతకం చేశారు. పంపుహౌసులో ఆఖరి రోజు కూడా అలాగే రాశారట. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఆవిడ మంచం మీద ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"అమ్మాయ్, నిజంగానే తప్పు నొక్కుతున్నానేమోనే. నాకే తెలియట్లేదేమో. ఇలాగే మొదలవుతుందంటారు."

ఊరందరి కుళాయిలకీ కుర్చీలోంచి వైద్యం చెప్పే మనిషి నోటి వెంట ఆ మాట వినేసరికి నాకు ఒళ్ళు మండింది. "ఇలా ఇవ్వండి" అని పుస్తకం లాక్కున్నాను. "ఆగిన రోజులేవో, నడిచిన రోజులేవో నేను చదువుతాను. మీరు వినండి."

"మూడో తేదీ. దుప్పట్లు. నడిచింది. డ్రమ్ము ఖాళీ. అయిదో తేదీ. తువ్వాళ్ళు. ఆగింది. డ్రమ్ము ముప్పాతిక. ఆరో తేదీ. చొక్కాలు. ఆగింది. డ్రమ్ము నిండుగా. ఎనిమిదో తేదీ. దుప్పట్లు. నడిచింది. డ్రమ్ము..."

"ఆగు."

ఆగాను.

"బట్టలొదిలెయ్. డ్రమ్ము ఒక్కటే చదువు."

చదివాను. ఖాళీగా ఉన్న రోజల్లా నడిచింది. నిండుగానో ముప్పాతికో ఉన్న రోజల్లా ఆగింది. ఒక్కటంటే ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టారు. మంచం కిర్రుకిర్రుమంది. నాకు భయమేసింది కూడా.

"చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికానే! నీరు పల్లమెరుగు అంటారే, ఇరవై తొమ్మిదేళ్ళు ఆ ఒక్క ముక్క మీదే జీతం తీసుకున్నాను. మెషీన్ నీళ్ళు వదిలేది మోటారుతో తోసి కాదు, తలుపు తీస్తుందంతే. నీళ్ళు వాటంతటవే కిందికి పోవాలి. డ్రమ్ము కన్నం అడుగునుంది. డ్రమ్ములో నీళ్ళు మెషీన్ అడుగుకంటే ఎత్తున ఉంటే మెషీన్‌లోవి ఎక్కడికి పోతాయి? రెండు మట్టాలూ ఒకటైతే నీళ్ళు కదలవు. పాత తొట్టి పొట్టిది, అది నిండితే పొర్లి పోయేది. ఇది నడుమెత్తుంది!"

అప్పుడు నాకు ఇంకోటి తట్టింది. డ్రమ్ము ఎందుకు నిండుతూ వచ్చింది? నా మడమ బెణికి పదిహేను రోజులుగా ఇల్లు తుడవడం ఏదో అయిందనిపించాను. నీళ్ళు వాడకపోతే నిండక ఏం చేస్తుంది? ఆ మాట పైకి అనకుండా మింగేశాను.

"పదండి, ఇప్పుడే చూద్దాం" అన్నాను.

"నేను ముట్టుకోను. ఛార్జి అప్పగించేశాను కదా. ఛార్జి ఉన్నవాడి ముందే చూపించాలి."

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి షాపు నుంచి ఇద్దరు మనుషులు తోపుడుబండీ, తాళ్ళూ తీసుకుని వచ్చారు. అత్తయ్య మెషీన్ గది గుమ్మంలో చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. నేను ముందే రెండు దుప్పట్లు వేసి, ఆఖరి జాడింపుదాకా తెచ్చి పెట్టాను. డ్రమ్ము నిండుగా ఉంది.

"ఒక్క పది నిమిషాలు బాబూ" అన్నారు వాళ్ళతో. మా ఆయన "అమ్మా, ఇప్పుడెందుకివన్నీ" అన్నారు. "నువ్వు మాట్లాడకు, చూడు" అన్నారావిడ.

మెషీన్ ఆగింది. కుయ్యి కుయ్యిమంది. మూత తీస్తే దుప్పట్లు నీళ్ళలో తేలుతున్నాయి.

"చూశావా, మళ్ళీ అదే!" అన్నారు మా ఆయన.

"నేను ఏ బటనైనా నొక్కానా?"

"లేదు."

"ఇప్పుడు కిందకి వంగి ఆ వాల్వు కాలువ వైపు తిప్పు. నువ్వే తిప్పు, నేను ముట్టుకోను."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తిప్పారు. నీళ్ళు బుసబుసమంటూ కాలువలోకి దూకాయి. తొట్టి ఖాళీ అయింది. నేను మూత వేసి బటన్ నొక్కాను. మెషీన్ ఒకసారి గొంతు సవరించుకుని, మెల్లగా మొదలుపెట్టి, వేగమందుకుని తిరిగింది చూడండి! పళ్ళెంతో సమం చేసిన కాళ్ళు కదా, ఇసుమంతైనా కదలలేదు. నేను చప్పట్లు కొట్టాను. వచ్చినవాళ్ళలో ఒకతను నాతోపాటు కొట్టాడు.

"అంటే... మెషీన్‌కేం కాలేదా?" మా ఆయన నీళ్ళు నమిలారు.

"దానికేం, రాయిలా ఉంది. తప్పు నేను బిగించిన డ్రమ్ముది."

తాళ్ళు చుట్టుకుంటున్న అతను వెళ్ళబోతూ, "అమ్మా, మా ఇంట్లో మెషీన్ నీళ్ళు మరీ సన్నగా తీసుకుంటోందండీ" అన్నాడు. "కుళాయి కట్టేసి, వెనక పైపు విప్పు. బొటనవేలంత జల్లెడుంటుంది, మట్టి పట్టేసుంటుంది. బ్రష్‌తో తోమి పెట్టు." కొత్తది అక్కర్లేదని మా ఆయన చెప్పేసరికి, ఖాళీ బండి తోసుకుంటూ వాళ్ళు వెళ్ళిపోయారు.

అత్తయ్య పుస్తకం వైపు గడ్డంతో చూపించారు. "రాయి. ఛార్జి నీదే కదా."

మా ఆయన బుద్ధిగా పెన్ను అందుకున్నారు. ఆవిడ చెబుతూ పోయారు.

"లోపం: డ్రమ్ము నిండితే నీళ్ళు దిగడం లేదు. కారణం: ట్యాంకమ్మ చేసిన బిగింపు. కనిపెట్టింది: ట్యాంకమ్మ. చెయ్యాల్సింది: మెషీన్ అడుగుకంటే బెత్తెడు కిందుగా డ్రమ్ముకి ఇంకో కన్నం చేసి, ఎక్కువైన నీళ్ళు కాలువలోకి వదలాలి."

నాకు మనసాగలేదు. "నా పేరు కూడా రాయండి. ఇల్లు సరిగ్గా తుడవలేదు, అందుకే నిండింది."

"నీ పేరెందుకు? మనుషులన్నాక కాలు బెణుకుతుంది, ఒకరోజు తుడవరు, ఒకరోజు మర్చిపోతారు. మర్చిపోయినా నష్టం రాకుండా బిగించాలి. బిగించినవాళ్ళదే తప్పు. రాశావా?"

మా ఆయన రాయడం ఆపి తల్లి వైపు చూశారు. ఆవిడ ఆ మాట డ్రమ్ము గురించే అన్నారు. ఆయనకి మాత్రం మాడిన పాలగిన్నె గుర్తొచ్చిందని మొహం చూస్తే తెలిసిపోయింది. మళ్ళీ తల వంచుకుని, ఆవిడ చెప్పకుండానే ఇంకో గీత గీసి, దాని కింద ఏదో రాసి, సంతకం పెట్టి పుస్తకం ఆవిడ ముందు పట్టుకున్నారు. అత్తయ్య ముందుకి వంగి పైకే చదివారు.

"ఛార్జి తిరిగి అమ్మకి అప్పగించాను. పొయ్యి కూడా. తాళాలు కూడా."

ఆ గీత కిందిది ఇంకోసారి మనసులో చదువుకున్నారు. తర్వాత "టైము వెయ్యలేదు" అన్నారు.

ఆయన గడియారం చూసి తొమ్మిదీ నలభై అని వేశారు. అప్పుడు అత్తయ్య వెనక కట్టుకున్న చేతులు విప్పి, పెన్ను తీసుకుని, కింద సంతకం చేసి, మెషీన్ మూత తెరిచారు. దుప్పటి ఒక కొస నా చేతికిచ్చారు.

"గట్టిగా పట్టుకో అమ్మాయ్, దులిపి ఆరేద్దాం. ఒరేయ్, నువ్వెళ్ళి పొయ్యి మీద పాలు పెట్టు. ఎప్పుడు ఆపాలో నేను చెప్తాను."