ఇంట్లో ఇటుకలు, బయట స్ప్రింగులు

వాదనలో గెలిచి, ఆ గెలుపులో సొంత అమ్మమ్మని ఇరికించినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ఎవరూ లేరా? అయితే నా చెయ్యొక్కటే. ముందే చెప్పేస్తున్నా, అమ్మమ్మ క్షేమం. కారూ క్షేమం. నా పరువు సంగతి మాత్రం అడక్కండి.

మా చిలకలగూడ ఇంట్లో తాతయ్య కొన్న పాత ఫియట్ ఒకటుంది. తాతయ్య పోయాక దాని ఆలనాపాలనా నాదే. మీగడ రంగు, ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. ముక్కు మాత్రం కాస్త పైకెత్తి, ఎవరిమీదో అలిగినట్టు నిలబడుతుంది. ఇంటర్నెట్‌లో చూస్తే ఎక్కడెక్కడి పాత కార్లూ నేలని కరుచుకుని, వేటకి కూర్చున్న పిల్లుల్లా ఉంటాయి. నాకూ అలాగే కావాలనిపించింది. ముందు చక్రాల దగ్గరుండే కాయిల్ స్ప్రింగులు తీసేసి పొట్టివి వేస్తే కారు కిందికి దిగుతుంది. ఆదివారం సాయంత్రం పాత కార్లవాళ్ళం కలుసుకుంటున్నాం. ఆలోపల దిగాలి.

అదే ఆదివారం పొద్దున ఇంకో పని ఉంది. మా అమ్మమ్మ సువార్తమ్మగారు మూడు నెలల తర్వాత మొదటిసారి చర్చికి వెళ్ళబోతోంది. బాత్రూంలో జారిపడి తుంటి ఆపరేషన్ అయింది ఆవిడకి. మోకాలి కంటే కిందికి ఉన్న దేనిమీదా కూర్చోకూడదు, కూర్చుంటే కొత్త కీలు పట్టుతప్పొచ్చు అని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆ బాధ్యతంతా నేనే నెత్తినేసుకున్నా. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టా. కుర్చీలో గట్టి దిండ్లు వేశా. ముక్కాలిపీటని అటకెక్కించా. "మోకాలి కంటే కిందికి వద్దు" అని స్కెచ్ పెన్నుతో రాసి ఫ్రిజ్‌కి అంటించా. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. చర్చికంటూ వెళ్తే తాతయ్య కారులోనే వెళ్తుంది. ఆటో పేరెత్తకూడదు.

శనివారం కారుని రాణిగంజ్‌లో ఖాదర్ చాచా షెడ్డుకి తీసుకెళ్ళా. తాతయ్య కాలం నుంచీ ఈ కారుకి ఆయనే వైద్యుడు. నేను చుట్టించి తెచ్చిన పొట్టి స్ప్రింగులు బిగించి, ఆయన జాకీ దించగానే నేను టేపు తీశా. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలిస్తే, పాత కొలతకీ దీనికీ తేడా అర అంగుళం కూడా లేదు.

చాచా నవ్వాడు. "గిప్పుడే కొలవకు బేటా. జాకీ మీదికెళ్ళి దించిన బండి జెర ఉబ్బి ఉంటది. తార్నాక దాకా పోయి రా. అదే కూసుంటది."

కాలేజీలో మూడేళ్ళు డిబేట్ కప్పులు మోసుకొచ్చినదాన్ని, ఊరుకుంటానా? మొదటి పాయింట్, కొలత అబద్ధం చెప్పదన్నా. రెండో పాయింట్, కొత్త స్ప్రింగు కొత్తగానే ఉంటుంది, తార్నాక వెళ్తే పొట్టిదెలా అవుతుందన్నా. మూడోది, రేపు పొద్దున్నే కారు కావాలి, టైం లేదన్నా. నేను గెలిచాననుకున్నా. చాచా కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ అంతా విప్పి, ఒక్కో స్ప్రింగులో ఒక్కో చుట్టు కోసి బిగించాడు. ఈసారి కొలత నేను కోరుకున్నంతే వచ్చింది.

ఇంటికొచ్చే దారిలో ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కారు కొంచెం కొంచెంగా కూర్చుంటూ వచ్చింది. నాకేం తెలుసు, నేను లోపలున్నా. పొద్దున లేచి చూస్తే టైరుకీ మడ్‌గార్డ్‌కీ మధ్య రెండు వేళ్ళు పడుతున్నాయి. అచ్చం పిల్లి. మురిసిపోయి నాలుగు ఫోటోలు తీసుకున్నా.

అమ్మమ్మ జరీ అంచు తెల్లచీర కట్టుకుని, వాకర్ పట్టుకుని వచ్చింది. చెరో చెయ్యీ పట్టుకుని నేనూ అమ్మా ముందు సీట్లోకి దింపుతున్నాం. ఆవిడ దిగుతోంది. దిగుతోంది. ఇంకా దిగుతోంది.

"అమ్మాయ్, సీటు తీసేశావా ఏంటి?" అంది.

వస్తుందిలే అమ్మమ్మా అన్నా. వచ్చింది. అప్పటికి ఆవిడ మోకాళ్ళు ఒళ్ళో బైబిల్ కంటే పైన ఉన్నాయి. నేనది చూశానా? లేదు. అమ్మ వెనక ఎక్కాక మడ్‌గార్డ్ సందు ఎంతుందో వంగి చూసుకుంటున్నా.

చర్చి గేటు ముందు ఆపి తలుపు తీశా. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని లేవబోయింది. కదల్లేదు. ఇంకోసారి ప్రయత్నించింది. మొహంలో నొప్పి కనబడింది. ఎక్కేటప్పుడు భూమి తనవైపు లాగి సాయం చేసింది. దిగేటప్పుడు అది కూడా పార్టీ మార్చేసింది.

గేటు దగ్గరున్న ఇద్దరు పెద్దమనుషులు సాయానికొచ్చి, చెరో భుజం పట్టుకుని లాగబోయారు. వద్దని అడ్డంపడ్డా. అప్పుడు గుర్తొచ్చింది ఫ్రిజ్ మీది కాగితం. నా చేతిరాతే. మంచానికి ఇటుకలు పెట్టింది ఈ చేతులే, కారుకి స్ప్రింగులు కోయించింది ఈ నోరే. అవతలివాళ్ళ మాటల్లో పొంతన లేకపోతే అరసెకనులో పట్టేసేదాన్ని. సొంత ఇంట్లోది పట్టలేకపోయా. ఆ కీలు గానీ జారిందా, మళ్ళీ ఆపరేషన్. వెంటనే చాచాకి ఫోన్ చేశా.

లోపల మొదటి పాట మొదలైంది. చాచాకి ఆదివారం సెలవు లేదు, ఫోన్ ఎత్తాడు. జరిగిందంతా చెప్పా.

"నిన్న మొత్తం నువ్వే మాట్లాడినవ్. ఇయ్యాల నేనొక్క మాట చెప్త, ఇను. మనిషిని గుంజకుర్రి, బండిని లేపుర్రి. జాకీ డిక్కీల ఉంది."

వాచ్‌మన్ వెనక చక్రాలకి రాళ్ళు పెట్టాడు. అమ్మని దింపేశాం. కొత్త చుడీదార్‌తో రోడ్డు మీద మోకాళ్ళేసి జాకీ తిప్పడం మొదలుపెట్టా. ఫియట్ అమ్మమ్మతో సహా అంగుళం అంగుళంగా పైకి లేస్తోంది. చర్చి కిటికీల్లోంచి సగం సంఘం ఇటే చూస్తోంది, పాట కూడా కాస్త నెమ్మదించింది. అమ్మమ్మ మాత్రం బైబిల్ పట్టుకుని, పల్లకీలో ఉన్నట్టు తిన్నగా కూర్చుంది.

"ఇంకొంచెం," అంది. తిప్పా. "ఇంకాస్త." తిప్పా. "ఆ, చాలు. ఆగు."

రెండు పాదాలూ నేలమీద ఆనించి, వాకర్ పట్టుకుని, ఒక్క ఊపులో లేచి నిలబడింది. నొప్పుందా అనడిగితే లేదని తలూపింది. అమ్మ "స్తోత్రం" అని కళ్ళు తుడుచుకుంది. నేను జాకీ దించడానికి వంగా.

రెండడుగులు వేసి అమ్మమ్మ వెనక్కి తిరిగింది. "నీ బ్యాగులో టేపు ఉంటుందిగా. అది దించకముందే కొలువు."

కొలిచా. నేల నుంచి సీటు అంచుకి పందొమ్మిదిన్నర అంగుళాలు.

ఆవిడ ఇంటికి ఆటోలో వెళ్ళింది. అవును, ఆటోలోనే. సాయంత్రం కార్ల మీటింగుకి నేను వెళ్ళలేదు. సోమవారం డాక్టరుగారు చూసి, కీలు ఎక్కడుండాల్సింది అక్కడే ఉందన్నాక గానీ నాకు అన్నం సయించలేదు.

మంగళవారం అమ్మమ్మని కూడా షెడ్డుకి రమ్మన్నాడు చాచా. నేను కారులో, ఆవిడ ఆటోలో వెళ్ళేసరికి ఆవిడ కోసం కుర్చీ వేసి, దాని కాళ్ళ కింద నాలుగు ఇటుకలు పెట్టి ఉంచాడు. మా పాత స్ప్రింగులు పారేయకుండా గుడ్డలో చుట్టి దాచాడు. "నువ్వు మళ్ళొస్తవని నాకెర్కనే," అన్నాడు. అవి బిగించాడు. నేను నోరెత్తకుండా తార్నాక దాకా వెళ్ళొచ్చా. అప్పుడు నేల నుంచి సీటు అంచుకి టేపు పెట్టాడు.

పందొమ్మిదిన్నర.

అంటే తాతయ్య కారు మొదటి నుంచీ సరిగ్గా ఉండాల్సిన ఎత్తులోనే ఉంది. ముక్కెగరేసుకుని తిరిగింది నేను.

కాబట్టి మీకో విన్నపం. కారుని దించాలని మీకెప్పుడైనా బుద్ధి పుడితే, ముందు ఇంట్లో పెద్దావిడని ఆ సీట్లో కూర్చోబెట్టి, ఒక్కసారి లేవమనండి. ఆవిడ లేచి నిలబడ్డాకే టేపు తీయండి. మెకానిక్ తార్నాక దాకా వెళ్ళి రమ్మంటే, నోరు మూసుకుని వెళ్ళి రండి.