పన్నెలో మిగిలిన పోగులు

మా అత్తగారు నర్సవ్వగారు ఇక లేరు. హోట్గి రోడ్డు పక్క ఖాళీ జాగాలో, రేకుల కింద, తడి నేల మీద జ్వరంతో మొన్న తెల్లవారుజామున కన్నుమూశారు. ఏళ్ల తరబడి ఆమె మగ్గం చప్పుడుకు నిద్రలేచిన మా నేతవాడ దాజీ పేట్ ఆ కబురు నమ్మలేదు. నేను ఇంకా నమ్మలేదు.

నేత పూర్తయినా మా ఇళ్లలో పడుగు పోగులు దూరే పన్నెను ఖాళీ చేయరు. పాత పోగుల కొసలు అందులోనే ఉంచి, వేళ్లకు బూడిద రాసుకుని, కొత్త పడుగును ఒక్కొక్క పోగుగా వాటికి అతుకుతారు. ఆమె పన్నె మా మామగారు కరీంనగర్ వైపు నుంచి ఇక్కడికి వలస వస్తూ భుజాన మోసుకొచ్చినది. అది ఏనాడూ ఖాళీ కాలేదు.

కాలేజీలో చదివినవి చెబుతుంటే ఆమె నేస్తూ వినేవారు. ఒకనాడు చెరోకీల సంగతి చెప్పాను. అమెరికాలో సొంత లిపి, సొంత పత్రిక, పొలాలు ఉన్న ఆదివాసులు. వారి నేల మీద పరాయి చట్టం చెల్లదని పెద్ద కోర్టే తీర్పిచ్చింది.

"కచేరిల గెలిసి గూడ పోయిండ్రా?"

"సిపాయిలు తోలిండ్రు అత్తమ్మా. చలిల, నడిపిచ్చుకుంట. తొవ్వల వేలమంది సచ్చిపోయిండ్రు."

మగ్గం ఆగింది. "తోలిచ్చినోని పేరేంది?"

చెప్పాను. అతను ఆ దేశానికి అధ్యక్షుడనీ, అతని బొమ్మ ఇప్పటికీ అక్కడి నోటు మీద ఉందనీ చెప్పాను.

"ఉంటది. మనోడు గూడ గుడికి గంట కొనిచ్చిండు గదా."

మనోడంటే మా వాడను పవర్‌లూముల కోసం కొన్న షావుకారు. మన కులస్థుడే. విచారణ అయ్యేదాకా ఆగమని కోర్టు చెప్పింది. కోర్టుకు సెలవున్న రోజు, వాన పడుతుండగా లారీలు తెచ్చి మమ్మల్ని ఇళ్లలోంచి హోట్గి రోడ్డుకు తోలించాడు. నేలలో గొయ్యి తవ్వి పాతిన గుంట మగ్గాన్ని ఎవరు మోసుకుపోగలరు? అత్తగారు పడుగును తానే కోశారు. కొసలున్న పన్నెను గుండెకు హత్తుకుని బయటికి వచ్చారు. సగం నేసిన చీరను నా బిడ్డకు చుట్టారు. ఆమెకు కప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

నేను వాణ్ణి తిడుతుంటే ఆపారు. "శాపం గాలికి పోతది బిడ్డా. పేరు మాత్రం పోనియ్యకు."

సంతాప సభలో ఆ షావుకారు ముందు వరుసలో కూర్చున్నాడు. ఆమె పటానికి పూలదండ వేశాడు. ఈ వ్యాసంలో అతని పేరు వేయలేమని సంపాదకులు మర్యాదగానే చెప్పారు.

సరే. అత్తమ్మా, నీలాంటి మనిషి మాకు మళ్లీ దొరకదు. నీ పన్నె నా దగ్గరే ఉంది, కొసలు తీయలేదు. నా బిడ్డ దగ్గు తగ్గలేదు. అది దగ్గినప్పుడల్లా నాకు నీ చివరి రోజులు గుర్తొస్తున్నాయి. కానీ దానికి మాటలు వస్తున్నాయి. ముందు "అమ్మ" అంది, తరువాత నిన్ను పిలుస్తూ "బాపమ్మ" అంది. మూడో మాటగా, ఇక్కడ వేయలేమన్న ఆ పేరు నేర్పాను.