కాళ్ళు చాపలేని నిచ్చెన బండి

మంటలార్పేవాళ్ళ నిచ్చెన బండి మా మేడ ముందే నిలబడి ఉండగా, మా అక్క మూడో అంతస్తులో పొగకు ఊపిరాడక చనిపోయింది. బండి తెచ్చినవాళ్ళను నేనేమీ అనను. దాన్ని ఎంచి కొన్నవాళ్ళను అంటాను.

తొంభైల చివర్లో బండి బందరు రాగానే కాలేజీ మైదానంలో చూపించారు. ఇనుపకాళ్ళు పక్కలకు చాపి, నేలకు ఊని, నిచ్చెన లేపితే అందరం చప్పట్లు కొట్టాం. అక్క నవ్వి, "ఇక మేడ మీద భయం లేదురా తమ్ముడూ" అంది.

మా బజారు ఇరుకు. రెండువైపులా మురుగు కాలువలు, వాటిమీద రాతి పలకలు. బండి కాళ్ళు చాపితే వాటిమీదే పడాలి. మా మేడ కింది బట్టల కొట్టు అంటుకున్న రోజున ఒక కాలు ఊనగానే పలక పగిలి, కాలు కాలువలోకి దిగిపోయింది.

"నిచ్చెన లేపండయ్యా" అన్నాను.

"లేపితే బండి మీ అందరిమీదా పడుద్దండీ" అన్నాడు డ్రైవరు.

మెట్లెక్కి వెళ్ళినవాళ్ళు దించేసరికి అక్కలో ప్రాణం లేదు.

వీధి కొలవకుండా బండి ఎందుకు కొన్నారని బందరు ఫైరాఫీసులో ఏళ్ళ తరబడి అడిగాను. అధికారి మారినప్పుడల్లా మళ్ళీ మొదటినుంచీ చెప్పుకొచ్చాను. చివరికి ఒకాయన కుర్చీ వేయించి, నెమ్మదిగా చెప్పారు:

"కొనేముందు పైఆఫీసువాళ్ళు మమ్మల్ని మేడల ఎత్తే అడిగారండీ. వీధి వెడల్పు ఎవరూ అడగలేదు."